ఇంటికొకరని కోడళ్లను పంపిన ఊరు

ఈ మధ్య కొత్తగా చేరిన ఒక ఏఎన్ఎం పిల్ల నాకు ఫోన్ చేసింది. "మేడం, ముప్పై దాటినోళ్లు ఎవలూ వస్తలేరు. ఇరవై, ఇరవై రెండేండ్ల పిల్లలు మస్తుగ వస్తున్నరు. వాళ్లకే చేసి పంపుతే ఏమైతది? టెస్టు టెస్టే గద!" అన్నది. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్లోనే నాలుగు తిట్టాను. పెట్టేసిన తర్వాత సిగ్గేసింది. ఆ పిల్లను తిట్టడానికి నాకేం మొహముంది? ఆ మాట నేనూ అన్నదాన్నే. అనడమే కాదు, చేసి, కింద సంతకం పెట్టి పంపినదాన్ని. తిట్లకు బదులుగా ఇది రాస్తున్నాను. చదివాక కూడా అదే పని చేస్తామంటే ఇక మీ ఇష్టం.

నేను ఏఎన్ఎంగా చేరి సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. చివరి ఏళ్లు కల్వకుర్తి నుంచి అచ్చంపేట పోయే వైపున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గడిచాయి. రాష్ట్రం వచ్చింది, జిల్లాలు చీలాయి, మా బోర్డు మీద జిల్లా పేరు మారింది. మా నోట్లో మాత్రం మహబూబ్‌నగరే మిగిలింది. పని కూడా మారలేదు. పొద్దున లేస్తే టీకాలు, బీపీ గోలీలు, కాన్పులు, వాటన్నిటికీ రిజిస్టర్లు.

ఆ ఏడు పట్నం నుంచి ఒక పెద్ద దవాఖాన వాళ్లు కొత్త పరీక్ష తెచ్చారు. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌కు దారి వేసే వైరస్ ఒకటుంది, దాన్ని హెచ్‌పీవీ అంటారు. ఆడవాళ్లు పరదా చాటుకు పోయి చిన్న బ్రష్షుతో వాళ్లే నమూనా తీసి గొట్టంలో వేసి ఇస్తే చాలు. మిషన్ పెట్టి అది ఉందో లేదో చెబుతారు. నొప్పి లేదు, డాక్టరు ముందు పడుకునే సిగ్గు లేదు. పరీక్ష బంగారం లాంటిదే. ముప్పై ఏళ్లు నిండిన వాళ్లకే చేయాలని వాళ్లిచ్చిన కాగితం మీద పెద్ద అక్షరాలతో ఉంది. ఆ కాగితాన్ని ఆఫీసు గోడకు అంటించింది నేనే. ఎందుకు ముప్పై అని ఒక్కరమూ అడగలేదు.

కాలం చూస్తే పత్తి ఏరే కాలం. ముప్పై దాటిన ఆడమనిషి ఆ రోజుల్లో ఊళ్లో దొరుకుతుందా? తెల్లారకముందే ఆటోల్లో ఒకరి మీద ఒకరు కూర్చుని పోతారు, దీపాలు పెట్టే వేళకు వస్తారు. మేము గొట్టాలు ముందు పెట్టుకుని పొద్దంతా ఈగలు తోలుకున్నాం. మొదటి రోజు నలుగురు వచ్చారు. అందులో ఇద్దరు బీపీ గోలీల కోసం వచ్చినవాళ్లు. "మేడం, ఈ గొట్టాలల్ల పచ్చడి పెట్టుకుందామా?" అని మా ఫార్మసిస్టు ఎకసెక్కాలు. పై నుంచి గంట గంటకు ఫోన్లు, ఎంతమందైంది, ఎంతమందైంది అని. తల ప్రాణం తోకకొచ్చింది.

మా ఆశ కార్యకర్త మంచి పనిమంతురాలు. పంచాయతీ మైకులో తనే చెప్పించింది, "ఇంటికొకరు తప్పకుండ దవాఖానకు రావాలె" అని. ఆమె తప్పేం లేదు. కంటి క్యాంపుకు ఇంటికొకరు, గ్రామసభకు ఇంటికొకరు. ఉపాధి పనికైతే కార్డే ఇంటికొకటి. ఆ ఇంట్లో ఎవరు తీరికగా ఉంటే వాళ్లు పోయి తట్ట ఎత్తుతారు. ఆ అలవాటు ప్రకారమే ఊరు మా మాట విన్నది. ఎన్నడూ విననిది ఆ ఒక్కసారి విన్నది, మా ఖర్మ!

తెల్లారి నేను బస్సు దిగేసరికి ఆటో కదలబోతోంది. అందులోంచి ఒక ఆమె నన్ను కేకేసింది. "నర్సమ్మా, నాకు రానీకి కాదు. మా కోడలు ఇంట్ల ఖాళీగనే ఉంది, దాన్ని పంపుతున్న. మా ఇంటి లెక్క అయిపోయినట్టే గద?"

"నీకే కావాలె చెల్లె, ఆ పిల్లకు కాదు," అనాలి కదా నేను? అనలేదు. "సరే పంపు," అన్నాను. ఆమెను నాకు బాగా తెలుసు. పత్తి ఏరే ముఠాకు పెద్ద. భర్త పోయి పదకొండేళ్లు. ఒక్కడే కొడుకు, కల్వకుర్తిలో జేసీబీ నడుపుతాడు. రెక్కలు ముక్కలు చేసుకుని వాణ్ని పెంచింది. ఊళ్లో ఆమె నోటికి ఎదురులేదు.

కోడళ్లు వచ్చారు. పందొమ్మిది, ఇరవై ఒకటి, ఇరవై నాలుగు. కొందరి చేతుల మీద పెళ్లి గోరింటాకు కూడా పోలేదు. మా డాక్టరు కొత్తగా వచ్చిన కుర్రాడు. రిజిస్టరు చూసి, "మేడం, వయసు చూస్తున్నారా?" అని నెమ్మదిగా అడిగాడు. "వచ్చినోళ్లను తిప్పి పంపితే ఈ ఊరు మళ్లీ మన గడప తొక్కుతుందా సార్? చిన్న వయసులోనే తెలిస్తే ఇంకా మంచిదే కదా," అని పెద్ద జ్ఞానిలా చెప్పాను. నా తల నెరిసి ఉంది, ఆయనకు మీసం సరిగా రాలేదు. రిజిస్టరు మూసి తన గదిలోకి పోయాడు. గొట్టాలన్నీ నిండాయి, పై వాళ్లు శభాష్ అన్నారు.

రెండు వారాలకు ఫలితాల చీటీలు వచ్చాయి. ఏడుగురికి పాజిటివ్. అవి ఎట్లా పంచాలని ఆశ అడిగింది. ఎవరి చీటీ వాళ్ల ఇంటికి పోయి, పక్కకు పిలిచి, అర్థమయ్యేలా చెప్పి ఇవ్వాలి. ఇన్నేళ్ల సర్వీసులో నాకు తెలియని సంగతా అది? కానీ ఆ రోజు మూడు ఊళ్ల టీకాలు ఉన్నాయి. "శుక్రవారం మహిళా సంఘం మీటింగు ఉంది గద, అక్కడ ఇచ్చెయ్," అన్నాను. ఆశ కొడుక్కు జ్వరం వచ్చి, కట్ట తీసుకుపోయి సంఘం లీడర్ చేతిలో పెట్టింది. లీడర్‌కు చదువొచ్చు, గొంతుంది. నిలబడి హాజరు పిలిచినట్టు పిలిచింది. ఫలానా ఆమె, నెగటివ్. ఫలానా ఆమె, పాజిటివ్.

పాజిటివ్ అంటే మన పల్లెల్లో ఎన్నేళ్లుగానో ఒకటే అర్థం, ఎయిడ్స్. ఆ అర్థం గోడల మీద బొమ్మలు వేసి మరీ నేర్పింది మేమే. లీడర్ కట్ట మడిచేలోపు ఊరంతా తెలిసిపోయింది.

మర్నాడు ఆ పట్నం దవాఖాన డాక్టరమ్మ ఫోన్ చేసి దులిపేసింది. "ఈ వయసు వాళ్లకు ఎవరు చేయమన్నారమ్మా మిమ్మల్ని? కాపురం మొదలుపెట్టిన ఈడులో వెతికితే దొరకక ఏమవుతుంది? ఇది జలుబంత మామూలు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దాదాపు అందరికీ వచ్చి పోయేదే, ఆడవాళ్లకూ మగవాళ్లకూ. చిన్న వయసులో ఏడాదికో రెండేళ్లకో ఒళ్లే దాన్ని వెళ్లగొడుతుంది. పోకుండా ఏళ్ల తరబడి తిష్ట వేస్తేనే ప్రమాదం. ముప్పై అని రాసింది అందుకు. పోయేదాన్ని పట్టుకున్నారు, ఉండిపోయేదాన్ని పత్తి చేలకు పంపించారు!"

ఆ ముక్క ముందే చెప్పి చావచ్చు కదా అని నాకు కోపం. వాళ్లు చెప్పారు, కాగితం మీద. చదవనిది నేను. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక మా ఫార్మసిస్టు మీద చూపించాను.

ఇక ఊళ్లో మొదలైంది లొల్లి. ఒకతను పెళ్లానికి వస్తే తనకూ వచ్చినట్టేనని, అన్నను తోడు తీసుకుని ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి గ్లూకోజు బాటిళ్లు ఎక్కించుకొచ్చాడు. ఇంకొకామెకు విడిగా పళ్లెం, విడిగా గ్లాసు పెట్టారు. ఊరంతా ఆశను తిట్టింది, లీడర్‌ను తిట్టింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నేనూ నోరు విప్పలేదు.

అన్నిటికంటే ఘోరం ఆ ముఠా పెద్ద ఇంట్లో జరిగింది. కోడలికి ఇరవై ఒక్కటి. నకిరేకల్ దిక్కు పిల్ల. తండ్రి అక్కడ నిమ్మకాయల మార్కెట్లో హమాలీ. ఇంటర్ దాకా చదివించి, పెళ్లి చేసి ఏడు నెలలైంది. అత్త సంఘం మీటింగు నుంచి ఇంటికి పోయి, కోడలి బట్టలు సంచిలో కుక్కి, బస్సెక్కించింది. కొడుకు ఆపలేదు.

నేను ఉరుకులు పరుగుల మీద పోయాను. వాకిట్లోనే ఆపింది.

"నువ్వు లోపలికి రాకు నర్సమ్మ. ఏడు నెలలాయె వచ్చి. ఏడు నెలలకే గీ రోగమెట్ల వస్తది? తల్లిగారింటికెల్లే తెచ్చింది."

"ఎక్కడికెల్లీ తేలేదు. పెండ్లైన పిల్లలకు ఇది మామూలు. దానంతటదే పోతది. నీ కొడుకు నుంచే వచ్చి ఉండొచ్చు."

"నా కొడుకును అంటవా? వాడు ముట్టుకుంటే మాసిపోతడు!"

కొడుకు అక్కడే మంచం మీద కూర్చుని సెల్‌ఫోన్ చూస్తున్నాడు. "నువ్వన్న చెప్పు నాయినా," అన్నాను. "అమ్మ ఎట్లంటే అట్ల," అన్నాడు. వాణ్ని చెంప పగలగొట్టాలనిపించింది. అంత పెద్ద జేసీబీ నడుపుతాడు, నోరు మాత్రం కదలదు!

పెద్దమనుషుల దగ్గర పంచాయితీ పెట్టారు. పిల్ల తండ్రి బిడ్డను వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి వచ్చాడు. కాగితం రాసుకుని తెంచుకుందామని అత్త మాట. "నా బిడ్డ ఏం తప్పు చేసిందో చెప్పి తెంచుండ్రి. బద్నాం చేసి తెంచకుండ్రి," అని తండ్రి దండం పెట్టాడు. పిల్ల తల ఎత్తలేదు.

నన్ను చెప్పమన్నారు. డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాను. ఇది ఆ పెద్ద రోగం కాదన్నాను, ముట్టుకుంటే రాదన్నాను, మందు లేకుండానే పోతుందన్నాను. ఒక పెద్దమనిషి అంతా విని తాపీగా అడిగాడు.

"గవన్నీ సరే. పెండ్లికి ముందుదా, తర్వాతదా? గదొక్కటి చెప్పు."

"అది ఎవలూ చెప్పలేరు పటేలా. ఎప్పుడొచ్చిందో, ఎవలికెల్లి వచ్చిందో తెల్వది."

"గంత పెద్ద మిషన్ పెట్టిండ్రు, గింత సంగతి చెప్పరాదా?"

నాకు సహనం పోయింది. "పెండ్లై పిల్లలున్న ఆడోళ్లు ఇక్కడ ఎందరున్నరో అందరికీ ఎప్పుడో ఒకసారి వచ్చి పోయే ఉంటది! మీకూ వచ్చి పోయే ఉంటది!" అని అరిచాను. అరవకూడని మాట. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని లేచి దూరం జరిగారు. మగవాళ్లు నేల చూశారు. నా వెంట వచ్చిన మా కుర్ర డాక్టరు నా వైపు చూసి తల పట్టుకున్నాడు.

అప్పుడు లేచింది అత్త. "అట్లనా? అయితే నాకు జేయి. నా మొగడు పోయి పదకొండేండ్లాయె. ఊరంతటికీ ఎరుకే నేనెట్ల బతికిన్నో. నాకు లేదని తేలితే గీ పిల్ల నా గడప తొక్కొద్దు. ఏమంటరు పెద్దలు?"

పెద్దలకు ప్రాణం లేచొచ్చింది. తీర్పు చెప్పే బాధ తప్పింది కదా! సరేనన్నారు. అత్తకు లేకపోతే కోడలు తప్పు చేసినట్టా, ఇదెక్కడి న్యాయం, ఈమె పరీక్షకూ ఆ పిల్లకూ ఏం సంబంధం అని గొంతు చించుకున్నాను. ఎవరు వింటారు? తీరా చూస్తే ఆమెకు నలభై ఆరేళ్లు. ఆ పరీక్ష పెట్టింది ఆమె లాంటి వాళ్ల కోసమే. వద్దనడానికి లేదు. నమూనా తీసుకుని పంపాను.

ఈసారి చీటీ నా చేతికే తెప్పించుకుని, గది తలుపు వేసుకుని విప్పాను. పాజిటివ్.

మీ దగ్గర దాచడం ఎందుకు? ముందుగా నాకు సంతోషం వేసింది. ఇప్పుడు మాట్లాడు చూస్తా అనుకున్నాను. ఒక మనిషికి క్యాన్సర్ దారిలో అడుగు పడిందేమో అనే చీటీ చేతిలో పెట్టుకుని, నర్సును, సంతోషపడ్డాను. అరనిమిషమే అనుకోండి. అయినా పడ్డాను.

అదే చీటీ సంచిలో వేసుకుని ఆటోలో చేను దగ్గరికి పోయాను. ఆమెను ముఠాకు దూరంగా తీసుకుపోయి కూర్చోబెట్టి చెప్పాను. పత్తి నిండిన ఒడిని గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"తప్పు రాసిండ్రేమో చూడు."

"తప్పు కాదు చెల్లె."

"ఆయన పోయి పదకొండేండ్లాయె నర్సమ్మ. నేను ఎవల మొఖం..."

"నాకు ఎరుక. ఆయన ఉన్నప్పుడే వచ్చి ఉంటది. కొందరికి పోదు, లోపల్నే పండుకొని ఉంటది. దీంట్ల నీ తప్పు లేదు, నీ కోడలి తప్పు లేదు. ఇంకో పెద్ద పరీక్ష చేయించాలె. ఇప్పుడే చూపించుకుంటే నయమైతది."

నాకు నొప్పి లేదు, బాధ లేదు, ఎద్దులా పని చేస్తున్నా అంది. అట్లాగే ఉంటుంది, అందుకే పరీక్ష అన్నాను. అంతలో గబుక్కున వంగి నా కాళ్లు పట్టుకుంది.

"ఎవలకు చెప్పకు. నీ కాళ్లు మొక్కుత. నా కొడుక్కు గూడ చెప్పకు. ఊర్ల తలెత్తుకొని తిరుగలేను."

నాకు ఎంత మండిందో మాటల్లో చెప్పలేను. ఆ ఇరవై ఒక్క ఏళ్ల పిల్లకు తల లేదా? ఈ ఒక్క మాట మైకులో చెబితే ఆ పిల్ల మీద పడ్డ మసి ఒక్క గడియలో కడుక్కుపోతుంది. చెప్పే హక్కు నాకు లేదు. ఆ చీటీ ఆమెది. అదే చెప్పాను. "నా నోట రాదు. మరి ఆ పిల్ల సంగతేంది?" అన్నాను. "నేను జూస్కుంట," అంది.

ఆదివారం మళ్లీ కూర్చున్నారు. ఆమె లేచి, చీటీ ఇంకా రాలేదని, అది వచ్చినా రాకున్నా పిల్లను తీసుకుపోతానని, ఇంటి ఇజ్జత్ తానే బజారున పెట్టుకున్నానని చెప్పింది. పెద్దలు మీసాలు దువ్వుకున్నారు. తమ మాట మీద గౌరవమట! వాళ్లు చెప్పిన మాట ఏదో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకాయన నా వైపు తిరిగి, "రాలేదా నర్సమ్మ చీటీ?" అన్నాడు.

"రాలే," అన్నాను. తండ్రి పక్కన నిలబడ్డ పిల్ల మొదటిసారి తల ఎత్తి నన్ను చూసింది.

పిల్ల అత్తింటికి వచ్చింది. ఏడాది దాటాక మళ్లీ చూస్తే ఆమెకు వైరస్ జాడ లేదు. డాక్టరమ్మ చెప్పినట్టే ఒళ్లే వెళ్లగొట్టింది. గ్లూకోజు బాటిళ్లు ఎక్కించుకున్నవాడు మాత్రం అది బాటిళ్ల మహిమే అని ఇప్పటికీ అందరికీ చెబుతాడు.

అత్తను పెద్ద పరీక్షకు మహబూబ్‌నగర్ తీసుకుపోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. పత్తి అయిపోనీ, మిరప అయిపోనీ అని దాటేసింది. చివరికి పోయింది. క్యాన్సర్ పుండు కాలేదు గానీ కావడానికి తయారుగా ఒక మచ్చ ఉంది, తీసేస్తే సరిపోతుంది అన్నారు డాక్టర్లు. తోడు ఒకరు ఉండాలన్నారు. కొడుక్కు చెప్పవద్దని ఆమె పట్టు. మరి ఇంకెవరున్నారు? కోడలికి చెప్పింది. ఏం చెప్పిందో, ఎట్లా చెప్పిందో నాకు తెలియదు.

మచ్చ తీసే రోజు అత్త లోపల ఉంది. నేనూ ఆ పిల్లా బయట బల్ల మీద కూర్చున్నాం. పిల్ల అడిగింది.

"మేడం, గా ఆదివారం నాడు అత్త చీటీ మీ దగ్గర ఉండెనా?"

"ఉండె బిడ్డా."

"ఉండంగనే రాలేదన్నరా?"

"రోగం మాట ఎవలదైనా బయట పెట్టొద్దు బిడ్డా. అది మా డ్యూటీ."

నిజమే చెప్పాను. అయినా ఆ మాట నా చెవికే దొంగమాటలా వినిపించింది. ఆ పిల్ల కోప్పడలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"మంచిగ చేసిండ్రు మేడం. అత్త తట్టుకోకపోవు. మరి నా చీటీ సంఘంల ఇయ్యమన్నది మీరేనని ఆశక్క అన్నది. నేను నమ్మలే. మా మేడం గట్ల చేయదు అన్న. ఆమెతోని లొల్లి పెట్టుకున్న గూడ."

అన్ని నెలలూ ఊరు ఆశను తిడుతుంటే విన్నాను. ఇప్పుడు ఈ పిల్ల కూడా నా తరఫున ఆమెనే తిట్టింది.

"నేనే ఇయ్యమన్న బిడ్డా," అన్నాను. "ఇల్లిల్లు తిరుగుడెందుకని."